పగుళ్ల మీద టెక్స్చర్ పూసి వెళ్లిపోయాడు... కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది దేవరకొండ. ఇల్లు కట్టి ముప్పై ఏళ్లు దాటింది. స్లాబు లోపలివైపు పగుళ్లు వస్తే హైదరాబాద్ కాంట్రాక్టర్‌కు గుత్తకు ఇచ్చాం. రిపేరు చేసి పైన టెక్స్చర్ (గరుకు డిజైన్ పూత) వేస్తానని 1,40,000 రూపాయలు తీసుకున్నాడు. 90,000 ఫోన్‌లో పంపాం, మిగతాది చేతికిచ్చాం. అగ్రిమెంటు లేదు. పోయిన ఏప్రిల్‌లో పని అయింది. వానలు పడగానే అవే పగుళ్లు తేలాయి. మొన్న మంచం పక్కనే అరచేతంత పెచ్చు ఊడిపడింది, లోపల చువ్వలు తుప్పుపట్టి ఉన్నాయి. అడిగితే "పాత ఇల్లు, నేను గ్యారంటీ ఇవ్వలేదు" అంటున్నాడు. ఏం చేయాలి? – ఒక రిటైర్డ్ టీచర్

జవాబు: కేసు వేయొచ్చమ్మా. ముందు ఆ మంచం అక్కణ్నుంచి తీయించండి. తుప్పుపట్టిన చువ్వ ఉబ్బి కాంక్రీటును కిందికి నెడుతుంది. ఒక పెచ్చు రాలిందంటే దాని పక్కది కూడా నమ్మకం లేదు.

ఇంకో మేస్త్రీని పిలిచి వెంటనే పూత మాత్రం పెట్టించకండి. చాలామంది ఇల్లు బాగుచేయించుకున్నాక నా దగ్గరికి వస్తారు, అప్పటికి చూపించడానికి ఏమీ మిగలదు. రాలిన పెచ్చు పారేయకుండా కవర్లో పెట్టి తేదీ రాయండి. దాని అంచు గమనించండి. పాత పగులు లోపలికి పుట్టీ దిగి ఉంటే, పుట్టీ పెట్టేనాటికే ఆ పగులు అక్కడ ఉన్నట్టు. అంటే అతను చూసే కప్పేశాడు. పగుళ్ల పక్కన స్కేలు పెట్టి ఫోటోలు తీయండి. స్ట్రక్చరల్ ఇంజినీరుతో చూపించి, తుప్పు ఎంతుంది, చేయాల్సిన పని ఏమిటి, చేసిందేమిటి అని రిపోర్టు రాయించుకోండి. వదులు కాంక్రీటు కొట్టేసి, చువ్వల తుప్పు గీకి, పైనుంచి నీరు దిగకుండా ఆపాకే పూత గురించి ఆలోచించాలి. ఫోటోలు, ఇంజినీరు పరిశీలన రెండు మూడు రోజుల్లో ముగించి, తర్వాత ప్రమాదం లేకుండా రిపేరు చేయించుకోండి, ఆ బిల్లులు దాచండి.

2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సేవాలోపం అంటే పని నాసిగా చేయడం ఒక్కటే కాదు. చెప్పాల్సిన విషయాన్ని కావాలని దాచడమూ లోపమేనని సెక్షన్ 2(11) చెబుతుంది. మీ కేసుకు ప్రాణం ఇక్కడే ఉంది. గ్యారంటీ ఇవ్వలేదన్న మాటతో అతను దీన్నుంచి తప్పించుకోలేడు. నోటిమాట ఒప్పందమైనా చెల్లుతుంది. ఫోన్‌లో పంపిన డబ్బు, వాట్సాప్ మెసేజీలు దాన్ని చూపిస్తాయి. ఆ చాట్ చెరపకండి, ఫోన్ మార్చకండి. వాటి ప్రింట్లు దాఖలు చేసేటప్పుడు సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద, అవి ఫోన్‌లోని అసలు రికార్డు నుంచి తీసినవేనని సర్టిఫికెట్ జతచేయండి. చేతికిచ్చిన 50,000 గురించి అతని మెసేజ్ ఒక్కటైనా దొరుకుతుందేమో ఓపిగ్గా వెతకండి.

మీరు పని గుత్తకు ఇచ్చారు కాబట్టి ఇబ్బంది లేదు. రోజుకూలీకి మేస్త్రీని పెట్టుకుని మీరే దగ్గరుండి చేయించుకుని ఉంటే, అది వ్యక్తిగత సేవ అంటూ వినియోగదారుల కమిషన్ దాకా రానివ్వరు.

అతనిది హైదరాబాద్ అయినా మీరు అక్కడికి తిరగక్కర్లేదు. మీరు ఉండే చోటే కేసు వేసే హక్కు ఉంది, కాబట్టి నల్గొండ జిల్లా కమిషన్‌లోనే వేయండి. మీరు చెల్లించింది 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు కూడా. గడువు రెండేళ్లు. పగుళ్లు తేలిన నాటి నుంచి అని వాదించవచ్చుగానీ, పని ముగిసిన ఏప్రిల్ నుంచే లెక్కపెట్టుకోండి.

ఒకటి ముందే చెప్పాలి. ముప్పై ఏళ్ల స్లాబు పాతబడినందుకు అతను బాధ్యుడు కాడు, కొత్త స్లాబు ఖర్చు అడిగితే కేసు బలహీనపడుతుంది. ఇచ్చిన డబ్బు, అతని పూత తీయించడానికి అయ్యే ఖర్చు, మీరు పడ్డ వేదనకు పరిహారం, కేసు ఖర్చులు అడగండి.

ఇంజినీరు రిపోర్టు చేతికి రాగానే దాని కాపీ జతచేసి 15 రోజుల గడువుతో రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. జవాబు రాకపోతే ఆ మరునాడే ఫిర్యాదు దాఖలు చేయండి.