సభలో ఏం చెప్పను అని అడిగావు కదా

చిక్కడపల్లి, హైదరాబాద్

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. పిల్లల పెంపకం మీద నువ్వు రాసిన పుస్తకం రాతప్రతి అందింది. స్పైరల్ బైండింగ్ చేయించి, అక్షరం కాస్త పెద్దది పెట్టించి పంపావు, బతికించావు. ఫోన్‌కి పీడీఎఫ్ పంపి ఉంటే సంక్రాంతి దాకా ముట్టుకునేదాన్ని కాదు. మొత్తం చదివాను. అంచుల్లో పెన్సిల్ గీతలు చాలా ఉన్నాయి, చూసి బెంబేలెత్తకు.

వచ్చే నెల గానసభలో పిల్లల పెంపకం మీద, వ్యక్తిత్వ వికాసం మీద పుస్తకాలు రాసినవాళ్ళని ఒకే వేదిక మీద కూర్చోబెడుతున్నారని, ఒక్కొక్కరు తమ ప్రేరణ, సందేశం ఐదేసి నిమిషాల్లో చెప్పాలని, పుస్తకం ఇంకా అచ్చు కాకపోయినా నిన్నూ పిలిచారని రాశావు. "ఏం చెప్పను అక్కా, ఒకటే టెన్షన్‌గా ఉంది" అన్నావు. రాతప్రతి గురించి, సభ గురించి వేర్వేరుగా రాద్దామని కూర్చున్నాను. చూస్తే రెండింటికీ జవాబు ఒకటే అయింది.

ముందు ప్రేరణ సంగతి. దయచేసి "మా అమ్మే నాకు ప్రేరణ" అని మొదలుపెట్టకు. త్యాగరాయ గానసభలో, రవీంద్రభారతిలో, సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో ఆ మాట విని విని ఉన్నాను. అందరికీ అమ్మే ప్రేరణ, అందులో అబద్ధం లేదు. కానీ శాలువా కప్పి, మెమెంటో ఇచ్చి, ఫోటోలు దిగాక ఎవరి పుస్తకంలో ఏముందో ఒక్కరికీ గుర్తుండదు.

నీ చేత ఈ పుస్తకం రాయించిన మనిషి నీ నాలుగో అధ్యాయంలోనే ఉంది, నువ్వే పట్టించుకోలేదు. మీ బడిలో పేరెంట్స్ మీటింగ్ అయ్యాక ప్రోగ్రెస్ కార్డు మడిచి సంచిలో పెట్టుకుంటూ, "లెక్కల మార్కుల సంగతి తర్వాత చూద్దాం సార్, వీడు నాతో మాట్లాడటం మానేశాడు, ఏం మాట్లాడాలో చెప్పండి" అని అడిగిందే, ఉప్పల్‌లో టిఫిన్ బండి నడుపుకునే ఆవిడ. ఆమె అడిగింది, నువ్వు నిలబడిపోయావు. ఆ రెండు పేరాలు చదివినప్పుడు కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. ఆ తర్వాత ఆమెను గేటు దగ్గరే వదిలేసి, ముందు గదిలో పుస్తకాల బీరువా, పిల్లలకో ప్రత్యేకమైన గది, సాయంత్రం ఆరింటికల్లా ఇల్లు చేరే నాన్న ఉన్న ఇంటికి వెళ్ళిపోయావు. మిగతా పుస్తకమంతా ఆ ఇంటికే రాశావు.

సలహాల పుస్తకాల పుట్టుక చూడు, దాదాపు ప్రతిదాని వెనకా అడిగినవాళ్ళెవరో ఉంటారు. 'సెల్ఫ్ హెల్ప్' అనే పేరుతోనే 1859లో పుస్తకం వేసిన శామ్యూల్ స్మైల్స్ ఉన్నాడు. ఆ పుస్తకానికి మూలం ఇంగ్లండ్‌లోని లీడ్స్ ఊళ్ళో ఆయన ఇచ్చిన ఉపన్యాసాలు. కొందరు కుర్రాళ్ళు సాయంత్రాలు తమంతట తామే కూడి ఒకరికొకరు చదువు చెప్పుకుంటూ, వచ్చి మాతో నాలుగు మాటలు మాట్లాడమని ఆయన్ని పిలిచారు. మన దేశంలో గిజుభాయి బధేకా వకీలు. 1913లో కొడుకు పుట్టాక వీడికి చదువెలా చెప్పాలన్న ప్రశ్న పట్టుకుంది. కోర్టు వదిలి, 1920లో భావ్‌నగర్‌లో బాలమందిరం అని పసిపిల్లల బడి పెట్టేదాకా లాక్కెళ్ళింది.

గిజుభాయి దగ్గర నువ్వు నేర్చుకోవాల్సింది ఇంకోటుంది. ఆయన రాసిన 'దివాస్వప్న' కథలో లక్ష్మీరామ్ అనే మాస్టారు నాలుగో తరగతి తీసుకుంటాడు. మొదటిరోజే ఎంతో ఊహించుకుని నిశ్శబ్దం ఆట ఆడించబోతాడు. పిల్లలు గోల చేసి దాన్ని గంగలో కలుపుతారు. పుస్తకం రాసినవాడికి ఆ పేజీ తీసేయడం ఎంత తేలిక! తీయలేదు. అందుకే ఆ తర్వాత ఆ మాస్టారు ఏం చెప్పినా నమ్మబుద్ధేస్తుంది. నీ రాతప్రతిలో ఏ సలహా ఎక్కడా బెడిసికొట్టలేదు. ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పే మాస్టారివి, నీ క్లాసులో ఒక్క ఉపాయమూ తన్నేయలేదా?

నేను చెప్పదలచుకున్నదంతా ఇదే అనుకో. ప్రతి సలహా కిందా అది ఏ ఇంట్లో పనిచేయదో రాయి. ఊరికే "అందరికీ వర్తించకపోవచ్చు" అని చేతులు దులుపుకోకు. ఆ ఇల్లు చూపించు, ఆ ఇంటికి మరేం కుదురుతుందో చెప్పు.

నీ మూడో అధ్యాయమే తీసుకో. "రోజూ రాత్రి ఎనిమిదింటికి కుటుంబమంతా ఫోన్లు పక్కనపెట్టి కలిసి భోంచేయాలి" అన్నావు. మంచి మాటే. టిఫిన్ బండి ఆవిడ ఎనిమిదింటికి రేపటి పిండి రుబ్బుతూ ఉంటుంది. తొమ్మిదికి పడుకోకపోతే తెల్లవారుజామున మూడున్నరకు లేవలేదు. గచ్చిబౌలిలో నైట్ షిఫ్టు చేసే నాన్న ఆ టైముకి క్యాబ్‌లో ఉంటాడు. వీళ్ళు ఆ పేజీ చదివితే గిల్టీగా అనిపించి పుస్తకం మూసేస్తారు. ఇలా రాస్తే ఎలా ఉంటుందో చూడు:

"మూడున్నరకు లేచే ఇంట్లో రాత్రి అందరూ కలిసి తినడం కుదరదు. గ్రైండర్ తిరిగే అరగంట పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోండి. పని చెప్పకండి, మార్కులు అడక్కండి. ఆ మోతలో సగం మాటలు వినపడవు, ఫర్వాలేదు. వాడే గొంతు పెంచి ఏదో ఒకటి చెప్తాడు."

పదమూడు, పద్నాలుగేళ్ళ మగపిల్లలు ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే నోరు విప్పరు. పక్కపక్కన ఏదో పనిలో ఉంటే కాస్త మాట్లాడతారు. నేను చూసినంతలో ఇది నిజం. నీ క్లాసులో చూసి చెప్పు, కాదంటే ఆ పేరా కొట్టెయ్.

ఇక ఆరో అధ్యాయం దగ్గర కోపమొచ్చింది. "దండం దశగుణం భవేత్ అన్నారు పెద్దలు, అయితే ఈ కాలానికి కొంత సంయమనం అవసరం" అట. ఏమిటా గోడమీద పిల్లి వాటం? నువ్వు బడి పంతులువి. విద్యాహక్కు చట్టం, 2009లో వచ్చింది, పదిహేడో సెక్షన్ చదువు. బడిలో పిల్లల్ని కొట్టడం, మనసు గాయపడేలా వేధించడం రెండూ నిషిద్ధం. ఇంట్లో సంగతి వేరే చర్చ అంటావా, ఆ చర్చే చెయ్యి. కొట్టొద్దు అంటావో, ఒక దెబ్బ వేస్తే తప్పులేదంటావో తేల్చి రాయి. రెండోది రాస్తే మాత్రం నా పేరు ఆ పుస్తకంలో ఎక్కడా కనబడకూడదు.

"ఏ అలవాటైనా 21 రోజుల్లో వస్తుందని శాస్త్రవేత్తలు నిరూపించారు" అని కూడా రాశావు. ఎవరూ నిరూపించలేదు. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అని అమెరికాలో ప్లాస్టిక్ సర్జన్, ఆపరేషన్ అయినవాళ్ళకి కొత్త ముఖం అలవాటు కావడానికి కనీసం 21 రోజులు పడుతోందని 1960లో రాశాడు. "కనీసం" ఎగిరిపోయింది, ముఖం ఎగిరిపోయింది, లెక్క మాత్రం మన వాట్సాప్ గ్రూపుల దాకా వచ్చింది. లండన్‌లో 96 మందిని గమనించి 2010లో అచ్చువేసిన పరిశోధనలో సగటున 66 రోజులు తేలింది. అదీ మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. 22వ రోజున పిల్లాడు చదువుకి కూర్చోకపోతే నీ పాఠకురాలు ఎవరిని తిడుతుంది? వాణ్ణే.

చిన్న విషయమని తీసిపారేయకు. అమెరికాలో పిల్లల డాక్టరు స్పాక్ 1946లో రాసిన పిల్లల పెంపకం పుస్తకం మొదట్లోనే తల్లులకు చెప్పిన మాట, మిమ్మల్ని మీరు నమ్ముకోండి, మీరనుకుంటున్నదానికన్నా మీకే ఎక్కువ తెలుసు అని. అంత చల్లని మాట చెప్పిన పుస్తకమే 1950ల చివర్లో వచ్చిన ముద్రణలో పసిపిల్లల్ని బోర్లా పడుకోబెట్టమంది. వెల్లకిలా ఉంటే కక్కుకున్నది గొంతుకు అడ్డం పడుతుందన్న భయంతో. బోర్లా పడుకున్న పిల్లలకి నిద్రలో హఠాత్తుగా ప్రాణం పోయే ముప్పు ఎక్కువని తర్వాత పరిశోధనల్లో బయటపడింది. 1992లో అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం బోర్లా పడుకోబెట్టొద్దని చెప్పింది. ఆయన చదువుకున్న డాక్టరు, ఉద్దేశం మంచిదే. మన పుస్తకాలు అన్ని ఇళ్ళకి వెళ్ళవులే గానీ, వెళ్ళిన ఇంట్లో మాత్రం నిజంగానే పిల్లలుంటారు.

అందుకే ఇంటర్ ఫలితాల అధ్యాయం చివర ఒక పేజీ చేర్చు. ఏప్రిల్, మే నెలల్లో మన ఇళ్ళ వాతావరణం నీకు నేను చెప్పాలా. పిల్లలు తిండి మానేసినా, నిద్ర మానేసినా, "నేను లేకపోతే మీకు హాయి" లాంటి మాట నోట్లోంచి వచ్చినా, పుస్తకం పక్కనపెట్టి డాక్టర్ని కలవమని సూటిగా రాయి. మనసు బాగోలేనివాళ్ళు ఫోన్ చేసి సాయం అడిగే టెలి మానస్ నంబరు 14416 పెద్ద అక్షరాల్లో వేయించు. ప్రభుత్వానిది, 2022 నుంచి నడుస్తోంది, ఫోన్‌కి డబ్బులుండవు. ఆ పేజీలో కవిత్వం, కొటేషన్లు ఏమీ వద్దు.

మీ అమ్మాయి విషయం. రెండో తరగతిలో పక్క తడిపేదని, ఎలా మాన్పించావో ఆరు పేజీలు రాశావు, పేరుతో సహా. నిజాయతీగానే రాశావు. కానీ ఇప్పుడు ఆ పిల్ల ఆరో తరగతి. క్లాసులో ఎవడో ఒకడు ఆ పుస్తకం తెస్తాడు. ముందు అమ్మాయిని అడుగు. వద్దంటే మొత్తం తీసెయ్, పేరు మార్చి మేనేజ్ చేద్దామనుకోకు, నీ కూతురని అందరికీ తెలుసు.

తెలుగులో ఈ దారిన జనాన్ని చదివించినవాళ్ళలో పట్టాభిరామ్ గారు ఇంద్రజాలం చేసినవారు, యండమూరి నవలలు రాసినవారు. వాళ్ళ వాక్యం నీకు నప్పదు. అక్కడక్కడా పంచ్ కొట్టబోయి చతికిలపడ్డావు, గీతలు పెట్టాను. నీది బ్లాక్‌బోర్డు ముందు నిలబడ్డవాడి వాక్యం, అదే బాగుంది.

అచ్చు గురించి క్లుప్తంగా. ఇప్పుడు 208 పేజీలు, అంటే పదహారు పేజీల ఫారాలు 13. తొమ్మిదికి దించు, 144 పేజీలు చాలు. పుస్తకానికి గుర్తింపుగా వేసే ఐఎస్‌బీఎన్ నంబరు కేంద్ర ప్రభుత్వం నుంచి ఉచితంగానే వస్తుంది, ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకు. డిసెంబర్ బుక్ ఫెయిర్‌కి అందుకోవాలన్న తొందర వద్దు. ఈసారి ఎన్టీఆర్ స్టేడియానికి ఊరికే వెళ్ళి, ఏదైనా స్టాల్‌లో ఒక పూట కూర్చో. పిల్లల పెంపకం పుస్తకం చేతిలోకి తీసుకున్న తల్లి ఏం చేస్తుందో చూడు. వెనక్కి తిప్పి ధర చూస్తుంది, విషయసూచికలో వేలు పెట్టి ఫోన్ అనో, కోపం అనో వెతుకుతుంది, ఆ పేజీ తీసి నిలబడే సగం చదువుతుంది. చంకలో చిన్నది ఏడుస్తుంటుంది. ఆ సగం పేజీలో ఆమెకేదీ దొరక్కపోతే పుస్తకం మళ్ళీ దొంతరలోకి పోతుంది. మనం కష్టపడి రాసుకున్న ముందుమాట వైపు కన్నెత్తి కూడా చూడదు.

సభలో ప్రేరణ అడిగితే ఆ పేరెంట్స్ మీటింగ్ సంగతి చెప్పు, ఆవిడ ఎవరో గుర్తుపట్టే వివరాలు మాత్రం వద్దు. సందేశం అడిగితే గ్రైండర్ పేరా లాంటిది నీ సొంతది ఒకటి చదివి కూర్చో. ఐదు నిమిషాలూ వాడాలని రూలేం లేదు.

ముందుమాట నన్ను రాయమన్నావు. మూడో అధ్యాయం, నాలుగో అధ్యాయం తిరగరాశాక ఒక మధ్యాహ్నం, బండి కట్టేసిన టైములో వెళ్ళి ఆవిడకి చదివి వినిపించు. మధ్యలో ఎక్కడ ఆపింది, ఏమంది, ఏది విని నవ్వింది, ఉన్నదున్నట్టు రాసి పంపు. అది వచ్చాకే ముందుమాట.

ఇట్లు,
మీ అక్క