కన్జ్యూమర్ రీసెర్చ్ అంటే ఇళ్ల చుట్టూ తిరగడమేనా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ ఫైనలియర్. మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్ గ్రూపు. సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లమంటే కన్జ్యూమర్ రీసెర్చ్ చేస్తానంటోంది. అది ఇళ్ల చుట్టూ తిరిగి ఫారాలు నింపే పనే కదా? పైగా ఏఐ వచ్చాక ఈ ఉద్యోగాలు ఉంటాయో లేదోనని టెన్షన్‌గా ఉంది. – ఒక తండ్రి, తణుకు

జవాబు: ఫారాలు నింపే పని ఉన్న మాట నిజమే. కాకపోతే ఈ రంగంలో అది మొదటి మెట్టు. మీ అమ్మాయి ఆశపడుతున్నది ఆ పై మెట్ల మీద అయి ఉంటుంది. జనం ఇవాళ ఎలా బతుకుతున్నారో గమనించి, ఐదేళ్లకో పదేళ్లకో వాళ్లు ఏం కొంటారో, ఏం మానేస్తారో కంపెనీకి ముందుగా చెప్పే పని అది.

ఫొటో ఫిల్మ్ కంపెనీ కొడాక్ సంగతి చూడండి. ఆ కంపెనీ ఇంజినీరు స్టీవ్ సాసన్ 1975లోనే డిజిటల్ కెమెరా తయారుచేశారు. 1981లో సోనీ ఫిల్మ్ అక్కర్లేని కెమెరా నమూనా చూపించేసరికి కొడాక్‌లో గుబులు మొదలైంది. అప్పుడు మార్కెట్ పరిశోధన బాధ్యత చూస్తున్న విన్స్ బరాబా బృందం లెక్కలు తీసింది. ఆయన అంతకుముందు అమెరికా జనగణన సంస్థకు డైరెక్టరు. ఈ కెమెరాల ధర ఎప్పుడు దిగుతుంది, ఫొటో నాణ్యత ఫిల్మ్‌కు ఎప్పుడు దీటుగా వస్తుంది అని ఒక్కొక్కటే పరిశీలించారు. డిజిటల్ కెమెరా ఫిల్మ్ వ్యాపారాన్ని మింగేయగలదు, అయితే సిద్ధం కావడానికి సుమారు పదేళ్లు చేతిలో ఉన్నాయని తేల్చారు. అంచనా చాలావరకు నిజమైంది. కంపెనీ మాత్రం ఫిల్మ్ వ్యాపారాన్ని కాపాడుకోవడం మీదే ఎక్కువ దృష్టి పెట్టింది. 2012 జనవరిలో దివాలా పిటిషన్ వేసింది. లెక్క ఎంత సరిగ్గా ఉన్నా పైవాళ్లను కదిలించలేకపోతే ఫలితం ఉండదు. అందుకే ఈ రంగంలోకి వచ్చే పిల్లలకు స్టాటిస్టిక్స్ ఎంత ముఖ్యమో, నలుగురి ముందు సూటిగా మాట్లాడటం, రెండు పేజీల్లో స్పష్టంగా రాయడం అంతే ముఖ్యమని గట్టిగా చెబుతాను.

మన దేశంలోనూ చదవగలిగితే ఎన్నో సూచనలు ఉన్నాయి. కేంద్ర గణాంక శాఖ గృహ వినియోగ సర్వే ప్రకారం పల్లెల్లో కుటుంబ ఖర్చులో తిండి వాటా 1999-2000లో 59 శాతం. 2022-23 నాటికి అది 46 శాతానికి తగ్గింది. ఆ తిండిలోనూ ధాన్యాల వాటా పడిపోయి, కూల్‌డ్రింకులు, ప్యాకెట్ తిండి లాంటి వాటి వాటా పెరిగింది. ఈ మార్పు రాత్రికి రాత్రి వచ్చింది కాదు. ఒక్కో విడత సర్వే వచ్చినప్పుడల్లా చూసుకున్నవాళ్లకు దారి కనిపిస్తూనే ఉంది. ఆ డేటా గణాంక శాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది.

ఇక ఏఐ విషయం. వేల జవాబులను క్రోడీకరించడం, ప్రశ్నావళి చిత్తుప్రతి రాయడం లాంటివి అది ఇప్పటికే చేస్తోంది. ఆ పనులకే పరిమితమయ్యేవాళ్లకు ఇబ్బందే. కానీ ఎక్కడా నమోదు కాని అలవాటును పట్టుకోవాలంటే మనిషి వెళ్లి చూడాల్సిందే. మీ అమ్మాయిని ఒక సాయంత్రం మీ వీధి కిరాణా కొట్టు దగ్గర గంటసేపు నిలబడి చూడమనండి. ఎవరు స్కాన్ చేస్తున్నారు, ఎవరు నోట్లు తీస్తున్నారు, డబ్బు కట్టడానికి ఏ పెద్దావిడ తన ఫోన్ పక్కనున్న మనవడి చేతికిస్తోంది, ఆమె దేనికి భయపడుతోంది? ‘మీరు యూపీఐ వాడతారా’ అని అడిగితే ఆ పెద్దావిడ ‘ఆఁ, వాడతాను’ అనేస్తుంది. ఫారంలో టిక్ పడుతుంది, ఆ భయం మాత్రం ఎక్కడా నమోదు కాదు. రేపు పెద్దవాళ్ల కోసం ఎలాంటి యాప్ కావాలో ఆ భయమే చెబుతుంది.

చదువు విషయానికొస్తే, నా మొదటి ఓటు ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్‌కే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఉస్మానియా, ఆంధ్ర యూనివర్సిటీల్లో ఉంది. మనుషుల్ని చదవడం మీద మరీ ఇష్టముంటే ఆంధ్ర, సెంట్రల్ యూనివర్సిటీల్లో ఆంత్రోపాలజీ (మానవ శాస్త్రం) ఉంది. అహ్మదాబాద్‌లోని మైకా (MICA) అనే విద్యాసంస్థ మార్కెటింగ్‌కు పేరున్నదే గానీ ఫీజు ఎక్కువ, అప్పు చేసి చేర్చేముందు ఆలోచించండి. ఉద్యోగాలు నీల్సన్‌ఐక్యూ, కాంటార్, ఇప్సోస్ లాంటి మార్కెట్ పరిశోధన సంస్థల్లోనూ, పెద్ద కంపెనీల్లో వినియోగదారులను అధ్యయనం చేసే ఇన్‌సైట్స్ టీముల్లోనూ ఉంటాయి. మొదట్లో జీతం మంచి సాఫ్ట్‌వేర్ ఆఫరంత ఉండకపోవచ్చు, ఈ మాట అమ్మాయితో ముందే మాట్లాడండి.

ఈ సెలవుల్లో గ్రామీణ ఆంధ్రప్రదేశ్ వినియోగ డేటా తీసుకుని పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక చిన్న ప్రాజెక్టు చేయనివ్వండి. పని నచ్చిందా, ఆ ప్రాజెక్టు రెజ్యూమెలో మొదటి వరుస అవుతుంది. నచ్చకపోయినా స్టాటిస్టిక్స్ చేతిలో ఉంది కాబట్టి డేటా ఎనలిస్టు ఉద్యోగాల వైపు వెళ్లొచ్చు.