టెక్ సందేహాలు: లేజర్ ప్రొజెక్టర్‌తో బొమ్మ ఎంత మారుతుంది?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం సినిమా హాళ్ల గురించే. అందుకే ఫోన్లు, లాప్‌టాప్‌ల ప్రశ్నలను పక్కన పెట్టి వీటికే జవాబులు ఇస్తున్నాను.

తిరుపతి నుంచి ఒక పాఠకుడు: మా దగ్గర ఒక థియేటర్‌ను బాగు చేసి బయట ‘4కె లేజర్’ అని బోర్డు పెట్టారు. పాత ప్రొజెక్టర్‌కూ దీనికీ నిజంగా తేడా ఉంటుందా? ఉంటే చూసేవాళ్లకు ఎలా తెలుస్తుంది?

తేడా ఉంటుంది. అయితే ‘4కె’ వేరు, ‘లేజర్’ వేరు. మొదటిది బొమ్మలో ఎన్ని చుక్కలున్నాయో చెబుతుంది, రెండోది వెలుగు ఎక్కడి నుంచి వస్తుందో చెబుతుంది. నా లెక్కలో రెండోదే ముఖ్యం.

రీళ్లు పోయి డిజిటల్ వచ్చాక కూడా చాలాకాలం తెర మీద పడిన వెలుగు జెనాన్ బల్బుదే. కిలోవాట్ల కొద్దీ కరెంటు తాగే ఈ బల్బులో గ్యాస్ ఎంత ఒత్తిడితో ఉంటుందంటే, దాన్ని మార్చే మనిషి ముఖానికి షీల్డు, చేతులకు మందపాటి గ్లౌజులు వేసుకోవాల్సిందే. పెద్ద బల్బుల ఆయుష్షు వెయ్యి గంటలకు అటూఇటూ. రోజుకు నాలుగు ఆటలు, పన్నెండు గంటలు అనుకుంటే మూడు నెలలు కూడా రాదు. పైగా అది ఒక్కసారిగా ఆరిపోదు, కొంచెం కొంచెంగా మసకబారుతుంది. కొత్త బల్బు ఖర్చుకు వెనకాడి గడువు దాటినా పాతదాన్నే లాగిస్తుంటే, రాత్రి సీన్లలో నటుల ముఖాలు చీకట్లో కలిసిపోతాయి. మనం మాత్రం కెమెరామన్‌ను తిట్టుకుంటూ బయటికి వస్తాం. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

లేజర్ ఈ చిక్కునే చాలావరకు తీర్చింది. వెలుగు సగానికి తగ్గేసరికి సుమారు 20 వేల గంటలు పడుతుందని తయారీదారులు చెబుతారు. అదే నాలుగు ఆటల లెక్కన నాలుగేళ్లకు పైమాటే. ఇందులో రెండు రకాలున్నాయి. లేజర్ ఫాస్ఫర్ అనేదాంట్లో నీలం లేజర్ ఒక్కటే ఉంటుంది. అది ఫాస్ఫర్ (లేజర్ పడితే వెలిగే పదార్థం) పూసి తిరుగుతున్న చక్రం మీద పడి పసుపు వెలుగు పుడుతుంది. అందులోంచి ఎరుపు, ఆకుపచ్చ వేరుచేస్తారు. ధర తక్కువ కాబట్టి చిన్న, మధ్యరకం హాళ్లకు ఇది బాగా సరిపోతుంది. రెండోది ఆర్‌జీబీ లేజర్. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటికీ విడివిడి లేజర్లు. రంగుల్లో, ముఖ్యంగా ఎరుపులో, ఇది స్పష్టంగా పైచేయి. రెండింటి బయటా ఒకటే బోర్డు ఉంటుంది కాబట్టి ఏ రకమో థియేటర్ వాళ్లను అడగండి.

తెర పెద్దదయ్యేకొద్దీ ఈ ఎంపిక ఎంత ముఖ్యమో లెక్క వేసి చూడొచ్చు. డిజిటల్ సినిమాకు హాలీవుడ్ స్టూడియోలు కలిసి 2005లో పెట్టిన ప్రమాణం ప్రకారం తెర మధ్యలో తెలుపు 48 నిట్స్ (తెర ఎంత వెలుగుగా కనిపిస్తుందో చెప్పే కొలత) ఉండాలి. 50 అడుగుల వెడల్పున్న సినిమాస్కోప్ తెరకు అంత వెలుగు రావాలంటే, తెర మామూలు తెల్లదైతే, సుమారు 15 వేల ల్యూమెన్లు (ప్రొజెక్టర్ వెదజల్లే వెలుగుకు కొలత) కావాలి. వెడల్పు రెట్టింపైతే వైశాల్యం నాలుగింతలవుతుంది. అంటే 100 అడుగుల తెరకు 60 వేల ల్యూమెన్ల దగ్గరికి వెళ్లాలి. మనకు దగ్గర్లోని సూళ్లూరుపేటలో 2019లో తెరిచిన వీ ఎపిక్ థియేటర్ తెర వెడల్పు 100 అడుగులు దాటింది. అలాంటి చోట ఒక్క జెనాన్ బల్బుతో నెట్టుకురావడం చాలా కష్టం.

ఇక 4కె. 2కె అంటే అడ్డంగా 2048 చుక్కలు, 4కె అంటే 4096. మొత్తం మీద నాలుగు రెట్లు. ముందు వరసల్లో, మధ్యలో కూర్చుంటే అక్షరాల అంచుల్లో తేడా తెలుస్తుంది. బాల్కనీ చివర కూర్చుంటే చాలామందికి తెలియదు. పైగా గ్రాఫిక్స్ ఎక్కువున్న సినిమాల్లో చాలావాటికి ఆ షాట్లు 2కెలోనే తయారై, తర్వాత పెంచినవై ఉంటాయి. నాకైతే మసక 4కె కన్నా వెలుగు సరిగ్గా ఉన్న 2కె నయం.

మీరే చూసుకోవాలంటే టైటిల్స్ పడేటప్పుడు నాలుగు మూలల్లో అక్షరాలు గమనించండి. మధ్యలో స్పష్టంగా ఉండి మూలల్లో అలుక్కుపోతే ఫోకస్ గానీ లెన్స్ గానీ సరిగ్గా లేనట్టు. చీకటి సీన్లో నలుపు బూడిదరంగులో కనిపిస్తే హాల్లో లైట్లు తెర మీద పడుతున్నాయా చూడండి. క్యాబిన్ కిటికీ అద్దానికి పట్టిన దుమ్ము కూడా ఇలాగే చేస్తుంది. మెత్తటి గుడ్డతో తుడిస్తే పోయే లోపం ఇది! ఇంటర్వెల్‌లో వెళ్లి మర్యాదగా చెప్పండి. మంచి ఆపరేటర్ ఎవరైనా వింటారు.

చిత్తూరు నుంచి ఒక కాలేజీ విద్యార్థి: బెనిఫిట్ షోకు తెల్లవారుజామునే వెళ్లాం. ‘కీ రాలేదు’ అని రెండు గంటలు కూర్చోబెట్టారు. హార్డ్ డిస్క్ థియేటర్లోనే ఉందట. మరి ఆ కీ ఏమిటి?

సినిమా థియేటర్‌కు డీసీపీ అనే ప్యాకేజీగా వస్తుంది. ఒక్కో ఫ్రేమ్‌ను విడిగా జేపెగ్ 2000 పద్ధతిలో కుదించి, మొత్తానికి తాళం వేసి పంపుతారు. రెండున్నర గంటల సినిమా పెద్దదైతే 280 జీబీ దాకా ఉంటుంది. ఈ ఫైలు రోజుల ముందే థియేటర్‌కు చేరొచ్చు. కానీ తాళంచెవి విడిగా వస్తుంది, దాన్నే కేడీఎమ్ అంటారు. కొద్ది కేబీల చిన్న ఫైలు, మామూలుగా ఈమెయిల్‌లోనే వచ్చేస్తుంది.

ఆ కీ ఒకే ఒక్క సర్వర్ (స్క్రీన్‌లో సినిమాను ఆడించే కంప్యూటర్) కోసం తయారవుతుంది. పక్క స్క్రీన్‌లో పెడితే పనిచేయదు. ఏ తేదీన, ఏ గంట నుంచి ఏ గంట వరకు అన్నది కూడా అందులోనే రాసి ఉంటుంది. ఉదయం 8 గంటలకు మొదలయ్యే కీ ఇస్తే 7 గంటల 59 నిమిషాలకు ఆట వేయలేరు. డబ్బుల లెక్క తేలక పంపిణీదారు ఆపేసినా, ఈమధ్య సర్వర్ మార్చిన సంగతి కీ తయారుచేసే వాళ్లకు చెప్పకపోయినా జరిగేది ఇదే. పైరసీ ఆపడానికి ఇంత కట్టుదిట్టం అవసరమే. కానీ ఈ పరిస్థితిలో ఆపరేటర్ చేయగలిగింది ఏమీ లేదు, దయచేసి ఆయన మీద అరవకండి. ఆలస్యమవుతుందంటే డబ్బు వెనక్కి ఇమ్మని మేనేజర్‌ను అడగండి.

పుత్తూరు నుంచి ఒక గృహిణి: పిల్లలతో 3డీ సినిమాకు వెళ్తే అంతా చీకటిగా ఉంది. అద్దాలు తీస్తే వెలుగు బాగుంది. లోపం అద్దాలదా?

అద్దాలది కొంతే. ఒకే ప్రొజెక్టర్ ఎడమ కంటి బొమ్మను, కుడి కంటి బొమ్మను మార్చి మార్చి వేస్తుంది. సెకనుకు 24 ఫ్రేములే అయినా ఒక్కోదాన్ని కంటికి మూడుసార్ల చొప్పున, మొత్తం 144 సార్లు తెర మీద వేస్తారు. అంటే ఒక్కో కంటికి సగం సమయమే వెలుగు అందుతుంది. అందులోనూ ఫిల్టరు, కళ్లద్దాలు కొంత మింగేస్తాయి. బల్బు పాతదైతే ఇక చెప్పక్కర్లేదు. లేజర్ ఉన్న హాల్లో 3డీ చూడండి, లేదంటే 2డీకే వెళ్లండి. లోపలికి వెళ్లగానే అద్దాలను కాటన్ గుడ్డతో తుడవడం మరవకండి.

పలమనేరు నుంచి ఒక పాఠకుడు: ఆన్‌లైన్‌లో ‘9000 ల్యూమెన్లు, 4కె’ అని ఎనిమిది వేలకే ప్రొజెక్టర్ దొరుకుతోంది. కొనవచ్చా?

ఆ అంకెను నమ్మి కొనకండి. ఆన్సీ ల్యూమెన్లు, అంటే ఆన్సీ అనే ప్రమాణం ప్రకారం కొలిచినవి, ఎన్నో అడగండి. పూర్తిగా చీకటి చేసిన గదిలో 100 అంగుళాల తెరకు థియేటర్ స్థాయి వెలుగు కావాలంటే 400 నిజమైన ల్యూమెన్లు సరిపోతాయి. మిద్దె మీద వీధి దీపం వెలుగులో క్రికెట్ మ్యాచ్ చూడాలంటే అంతకు ఎన్నో రెట్లు కావాలి. ‘4కె సపోర్ట్’ అంటే 4కె వీడియోను తీసుకుంటుందని మాత్రమే. ‘నేటివ్ రిజల్యూషన్’ (ప్రొజెక్టర్ నిజంగా చూపే చుక్కల సంఖ్య) అన్న చోట 1920 x 1080 కన్నా తక్కువ ఉంటే వదిలేయండి.

శ్రీకాళహస్తి నుంచి ఒక పాఠకుడు: మా తాతగారు టూరింగ్ టాకీస్ నడిపేవారు. ఆయన 35 ఎంఎం ప్రొజెక్టర్, కొన్ని రీళ్ల డబ్బాలు ఇంట్లో ఉన్నాయి. మళ్లీ నడిపించవచ్చా?

దయచేసి పాత ఇనుముకు అమ్మకండి. ప్రొజెక్టర్‌ను మళ్లీ తిప్పడం సాధ్యమే. గేర్లలో గట్టిపడిన పాత గ్రీజు తీసి, కొత్త నూనె వేసి, ముందు ఫిల్మ్ లేకుండా చేత్తో తిప్పి చూడాలి. కార్బన్ కడ్డీలతో వెలిగించే రకమైతే ఆ దీపం ఇంట్లో ముట్టించవద్దు. పొగ విషపూరితం, వెలుతురు కళ్లకు ప్రమాదం. దాని బదులు ఎల్‌ఈడీ అమర్చి చిన్న తెర మీద బొమ్మ చూసుకోవచ్చు.

రీళ్లను మాత్రం తొందరపడి అందులో ఎక్కించకండి. డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన వస్తే ఫిల్మ్ పాడైపోవడం మొదలైందని అర్థం. అలాంటివాటిని మిగతా రీళ్లకు దూరంగా, గాలి తగిలే చల్లటి చోట ఉంచండి. 1950ల ముందటివైతే అవి నైట్రేట్ ఫిల్మ్ కావచ్చు, క్షణాల్లో అంటుకుంటుంది. వాటిని ఇంట్లో పెట్టుకోకూడదు. డబ్బాల మీద సినిమా పేరు, రీలు నంబరు రాసి ఉంటే ఫోటోలు తీసి పుణెలోని నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్‌కు రాయండి. మన పాత తెలుగు సినిమాల్లో ఎన్నో ఒక్క ప్రింటు కూడా మిగలకుండా పోయాయి. మీ దగ్గరున్నవి మరెక్కడా లేనివి కావచ్చు కాబట్టి, అక్కడి నుంచి జవాబు వచ్చేదాకా ఒక్క రీలును కూడా విప్పకండి.