పాత ఇంగ్లిష్ వెండి మగ్గు: ముద్రలు సరిగ్గా ఉంటే కొనేయవచ్చా?

లండన్‌లో 18వ శతాబ్దపు వెండి మగ్గు చూశానని, అడుగున నాలుగు ముద్రలూ (హాల్‌మార్కులు) స్పష్టంగా ఉన్నాయని, కొనవచ్చా అని అడిగారు. ముద్రలు మాత్రమే చూసి కొనకండి. నా మొదటి మగ్గు అలాగే కొని నష్టపోయాను.

నా మగ్గు మీద ముద్రలు అసలైనవే. నడుస్తున్న సింహం ఉంటే 92.5 శాతం వెండి. కిరీటం ఉన్న చిరుతపులి తల 1821కి ముందటి లండన్ గుర్తు. ఒక అక్షరం సంవత్సరానిది, మిగిలినది తయారీదారుడి పొడి అక్షరాలు. మీ మగ్గు 1790 నాటిదని అంగడివారు అంటే ఐదో ముద్రగా రాజు తల కూడా ఉండాలి. అది 1784లో వెండి మీద వేసిన సుంకంతో వచ్చి 1890 దాకా ఉంది. నాది అంతకు ముందుది.

అయితే ముద్ర పడ్డాక ఆ మగ్గుకు ఏం జరిగిందో ముద్ర చెప్పదు. కొన్న ఆరు నెలలకు ఒక వెండి పనివారికి చూపించాను. ఆయన దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, పిడికి ఎదురు వైపున నోటి ఆవిరి పట్టించారు. మెరిసే వెండి మసకబారింది. ఆ మసకలో డాలు ఆకారం ఒకటి తేలి, రెండు క్షణాల్లో మాయమైంది. పాత యజమానుల వంశచిహ్నాన్ని ఎవరో అరగదీశారు. అక్కడ బొటనవేలితో నొక్కితే పలచబడ్డ రేకు లోపలికి పోయి టిక్కుమని వెనక్కి వచ్చింది. నేను పెట్టిన ధరలో సగం కూడా రాదన్నారు.

మీరూ అలాగే ఆవిరి పట్టించి చూడండి. పిడి అతికిన చోట పగుళ్ళు, టంకం గీతలు కూడా బయటపడతాయి. టాంకార్డు, అంటే మూత ఉన్న పెద్ద మగ్గు, అయితే మూత లోపలా అదే ఏడాది ముద్రలు ఉండాలి. కూజాకు ఉన్నట్టు పోసే మూతి ఉంటే మరీ జాగ్రత్త. విక్టోరియా కాలంలో చాలా టాంకార్డులకు మూతులు అతికించి కూజాలుగా మార్చారు. నునుపైన పాత మగ్గుల మీద పూల నగిషీ కొట్టించిందీ అప్పుడే. నాకు నునుపువే ప్రాణం.

ఇంట్లో వెండి గ్లాసులు తోమినట్టు విభూతితో తోమకండి, ముద్రలు అరిగిపోతాయి.

పిడి మీద త్రికోణంగా మూడు అక్షరాలు కనిపిస్తే వదులుకోకండి. పైది ఇంటిపేరుది, కింది రెండూ భార్యాభర్తల పేర్లవి. మన పెళ్ళి సామాన్ల మీద పేర్లు చెక్కించినట్టే. చెరిపించి ఇస్తామని అంగడివారు అంటే వద్దనండి.