ఇటలీ 'ఆక్వీ' డివిజన్‌ను జర్మన్లు ఎందుకు చంపారు?

లొంగిపోయిన తర్వాత కూడా చంపారు కాబట్టే ఈ పేరు ఇంకా వినిపిస్తోంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ సైన్యపు 33వ పదాతి డివిజన్ ఆక్వీ 1940లో ఫ్రాన్స్ సరిహద్దులో, ఆ తర్వాత అల్బేనియా కొండల్లో గ్రీకులతో పోరాడింది. 1941 నుంచి గ్రీసు పడమటి దీవుల్లో కాపలా కాసింది.

1943 సెప్టెంబరు 8న ఇటలీ మిత్రరాజ్యాలతో సంధి ప్రకటించింది. నిన్నటిదాకా తోడున్న జర్మన్లు ఆయుధాలు అప్పగించమన్నారు. ఆ దీవుల్లో ఒకటైన కెఫలోనియాలో సుమారు 11,500 మంది ఇటాలియన్లు ఉన్నారు. డివిజన్ అధిపతి జనరల్ ఆంటోనియో గాండిన్ జర్మన్లతో బేరాలాడుతూ రోజులు గడిపాడు. 13న జర్మన్ పడవలు ఆర్గొస్టోలి రేవుకు వస్తుంటే, పైనుంచి ఉత్తర్వు లేకుండానే ఇటాలియన్ ఫిరంగులు పేలాయి. చివరికి సైనికుల అభిప్రాయమే అడిగారు. పోరాడదామనే అన్నారు! సైన్యంలో ఇలా అడగడం ఎంత అరుదో చెప్పక్కర్లేదు.

విమానాల అండ లేదు. స్టూకాలనే జర్మన్ బాంబర్ విమానాలు పైనుంచి బాంబులు కురిపించాయి. 22న లొంగిపోయారు. ఖైదీలుగా ఎవరినీ పట్టుకోవద్దని హిట్లర్ అప్పటికే ఆదేశించాడు. గాండిన్‌ను 24న కాల్చేశారు, వెనకే వరుసగా అధికారులను కూడా. మృతుల లెక్కపై చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు. నా దృష్టిలో ఇది యుద్ధం కాదు, హత్యాకాండ. అక్కడి జర్మన్ దళాలపై అధికారి అయిన జనరల్ లాంజ్‌కు న్యూరెంబర్గ్ యుద్ధనేరాల విచారణలో 12 ఏళ్ల శిక్ష పడింది, 1951లోనే వదిలేశారు.