కారం ప్యాకెట్లు వేస్తానన్న అమ్మాయికి

విజయవాడ

చి. శ్రావణికి బాబాయి దీవెనలు.

గుంటూరులో మిరపకారం ప్యాకెట్లు వేసి అమ్ముతావట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం పట్టలేకపోయాను, రాత్రి నిద్రా పట్టలేదు.

లైసెన్సు, ప్యాకెట్ మీద బరువు, తేదీ, ఎమ్మార్పీ నీకు తెలిసినవే. కానిచ్చెయ్.

నా బెంగ రంగు గురించి. మీ నాయనమ్మ ఎండుకాయ ఊపి గింజలు గలగలలాడితే, తుంచి వాసన చూసి, అప్పుడు బేరానికి దిగేది. ప్యాకెట్ వచ్చాక చెవికీ ముక్కుకీ పని పోయింది, కన్నొక్కటే మిగిలింది. ప్రకటనల్లో నిగనిగలాడే ఎరుపు చూసి చూసి, ఎర్రగా ఉంటేనే మంచి కారమని జనం నమ్మారు. మన తేజ రకం మిరపకు ఘాటెక్కువ, బ్యాడిగి రకానికి రంగెక్కువ. ఎరుపు అడుగుతున్నారా, బ్యాడిగి కలుపు, కలిపానని రాయి. నూనె 2 శాతం దాకా పట్టించొచ్చు, అదీ రాయాల్సిందే. రంగుపొడి చిటికెడు వేశావో, నీ గడప తొక్కను! పారదర్శకపు కవరు వద్దు, వెలుతురుకు రంగు వెలుస్తుంది. కౌంటర్ మీద మూత డబ్బాలో కొంచెం ఉంచి వాసన చూపించు.

ఇక బజారులో తాతలనాటి తప్పు: ఒకటి కొంటే ఒకటి ఉచితం. పావుకిలో 120 రూపాయలనుకో. బోర్డు పెట్టిన రోజే కొన్నావిడ లెక్కలో అది 60 అయిపోతుంది. బోర్డు తీశాక 120 చూస్తే రేటు రెట్టింపు చేశావనుకుంటుంది. పైగా రెండో ప్యాకెట్ ఇంట్లో ఉంది, మర్నెల రాదు. గల్లాపెట్టె చూసి నువ్వు కంగారుపడి మళ్ళీ బోర్డు పెడతావు. అలా రెండుసార్లయితే ఆఫర్ లేని నెలలో నీ సరుకు ముట్టరు. ఆ నష్టం పూడ్చడానికే కొందరు ఎమ్మార్పీ 240 అని వేసి దాని మీద గీత కొట్టేస్తారు, ఇంకొందరు నాసిరకం తాలుకాయ కలుపుతారు. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల దాకా జరిమానా ఉందమ్మా, ఆటలు కాదు.

రుచి చూపించాలంటే 50 గ్రాముల ప్యాకెట్ 25 రూపాయలకు అమ్ము. చిన్నదే, కానీ రేటు దించినట్టు కాదు. ఆవకాయ రోజులకు కిలో ప్యాకెట్లు మార్చికల్లా సిద్ధం చెయ్యి, ఎన్ని ముక్కలకు ఎంత కారమో చీటీ రాసి లోపల పెట్టు. చీటీ చదివితే పచ్చడి పెట్టాలనిపిస్తుంది, ఆ కోరికే నీకు బేరం.

మిల్లు దగ్గర ముక్కుకు గుడ్డ కట్టుకో, నీకసలే తుమ్ములు. మొదటి పట్టులో పావుకిలో పంపు. 120 నా దగ్గర తీసుకో.

మీ బాబాయి