ఛాయ అంటే ఒక్క నీడేనా?

సందేహం: విక్టోరియా కాలంలో జనం ఇచ్చిపుచ్చుకున్న 'కార్ట్ ద విజిట్' ఫొటోల మీద వ్యాసం రాస్తున్నాను. వాటిని 'సందర్శన పత్రాలు' అనవచ్చా? గ్రీకులో ఫొటో అంటే వెలుగు కాబట్టి 'ఛాయచిత్రం' తప్పు, 'కాంతిచిత్రం' అనాలని మా మిత్రుడి వాదన. ఏది ఒప్పు?

సమాధానం: మీ మిత్రుడికి ముందు అమరకోశం నానార్థవర్గం చూపించండి. "ఛాయా సూర్యప్రియా కాంతిః ప్రతిబింబ మనాతపః" అన్నాడు అమరసింహుడు. సూర్యుడి భార్య, కాంతి, ప్రతిబింబం, ఎండ లేని చోటు, నాలుగూ ఛాయే. నీడ చిట్టచివర వచ్చింది. ఆయనకు కావలసిన వెలుగు రెండో అర్థంలోనే ఉంది. చామనఛాయ అన్నా, ఛాయపసుపు అన్నా మనకు తోచేది రంగూ నిగారింపే. "ఆ ఛాయలకు పోకు" అనేది వేరే సంగతి.

నాకిష్టం మొదటి అర్థం. మొగుడి వేడికి తాళలేక సంజ్ఞాదేవి తన నీడకు తన రూపమే ఇచ్చి, ఇంట్లో నిలబెట్టి పుట్టింటికి పోయింది. ఆ ఛాయాదేవిని సూర్యుడు చాలాకాలం పోల్చుకోలేదు. పారిస్‌లో 1854లో డిస్డేరి అనే ఫొటోగ్రాఫరు ఈ కార్ట్ ద విజిట్‌కు పేటెంటు తీసుకున్నదీ మనిషికి బదులు నిలబడే ఇలాంటి బొమ్మలకే. నాలుగు కటకాల కెమెరాతో ఒకే గాజుపలక మీద ఎనిమిదేసి బొమ్మలు దించి, గుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద అచ్చువేసి, కోసి, సుమారు 10 సెంటీమీటర్ల ఎత్తు, ఆరున్నర వెడల్పు ఉన్న అట్టలకు అతికించేవారు. 1860లో మేయల్ అనే ఫొటోగ్రాఫరు లండన్‌లో విక్టోరియా కుటుంబం ఫొటోలు అమ్మకానికి పెట్టాక అది వేలంవెర్రి అయింది. రాణిగారు, మేనత్త, నాటకాల నటి ఒకే ఆల్బంలో పక్కపక్కన!

ఇక విజిటింగ్ కార్డు సైజు కాబట్టి 'కార్ట్ ద విజిట్' అనే పేరు వచ్చింది. 'సందర్శన పత్రం' అంటే నాకు జైలు ములాఖత్ చీటీ గుర్తొస్తుంది. కనబడ్డ ప్రతిదాన్నీ పత్రం చేయడం ఈనాటి అనువాదకుల జబ్బు. ఆధార్ కార్డును ఆధార్ పత్రం అంటున్నామా? మొదటిసారి ఫ్రెంచి పేరు రాసి, తర్వాత 'కార్డు ఫొటో' అంటే సరిపోతుందేమో. కాంతిచిత్రం తప్పని అనను, వాడే నోళ్ళు దొరకాలి కదా!

మీ 'ఛాయచిత్రం' మాత్రం దిద్దకుండా అచ్చువేయించాను. సంస్కృత సమాసంలో ఆ దీర్ఘాన్ని మింగకండి, ఛాయాచిత్రమే. ఛాయపసుపులో దీర్ఘం లేదేమంటారా, పసుపు మన తెలుగు మాట.